పంతొమ్మిది ఖాళీ గళ్లు

నాగపూర్ వైపు నుంచి రావాల్సిన బండి గంటా పది నిమిషాలు ఆలస్యమని మైకులో తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి చెప్పారు. మూడుసార్లూ భవానికి ఒక్కటే అనిపించింది, మంచిదే, ఇంకో గంట దొరికింది అని, ఆ వెంటనే, మంచిదెలా అవుతుంది, ఈ గంటలో మనసు మారితే అని. ఏప్రిల్ ఎండ పదకొండు కాకముందే కాజీపేట స్టేషన్ పట్టాల మీద పడి తెల్లగా కళ్లలో పొడుస్తోంది. సిమెంటు బెంచీలో నీడ ఉన్న కొసకు జరిగి, ఒళ్లో బ్యాగు పెట్టుకుని, ఫోనులో దాచిన ఉత్తరాన్ని మళ్లీ తెరిచింది. హైదరాబాద్ నుంచి ఒక పరిశోధన పత్రికను నడిపే సంపాదకురాలు శోభారాణి మేడమ్‌కు నిన్న రాసిపెట్టిన ఉత్తరం. నిరుడు మీరు వేసిన మా వ్యాసాన్ని వెనక్కి తీసుకోండి అని. ఒక్కసారి వేలు ఆనిస్తే వెళ్లిపోయేది. కానీ వ్యాసం మీద రెండు పేర్లున్నాయి. మొదటిది తనది, రెండోది తన పీహెచ్‌డీ గైడు సారంగపాణి సార్‌ది. రెండో మనిషికి చెప్పకుండా పంపకూడదని పత్రిక నియమాల్లో ఉంది, నియమాల్లో లేకపోయినా ఆయనకు ముందు చెప్పకుండా పంపితే ఈ జన్మకు ఆయన ముఖం చూడలేదు. మొన్న ఫోన్ చేసింది కూడా. ఆయన నాగపూర్‌లో కొత్తగా చేరిన అధ్యాపకులకు పాఠాలు చెప్పడానికి వెళ్లాడు, పరిశోధన వ్యాసాలు నిజాయితీగా ఎలా రాయాలి అన్నదే పాఠం. "ఇక్కడ చాయ్ ఉత్త చక్కెర పాకమే భవానీ" అని హాయిగా నవ్వాడు. ఆ నవ్వు మీద ఈ మాట పెట్టలేకపోయింది. జాగ్రత్తగా రండి సార్ అని పెట్టేసింది. ఈ బండిలోనే వస్తున్నాడు.

ఏమని మొదలుపెట్టాలి? సార్, ఒక తప్పు జరిగింది. జరగడమేమిటి, వానలాగా, జలుబులాగా. సార్, నేనొక తప్పు చేశాను. ఈ మాట ఇంట్లో అద్దం ముందు పలికి చూసుకుంటే గొంతులో ఏదో అడ్డం పడింది, మిర్చి గోదాంలో మొదటిరోజు పడ్డట్టే. ఎనుమాముల రోడ్డు మీద ఆ గోదాంలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు పది నిమిషాలు కూడా నిలబడలేక బయటికి పరుగెత్తింది, తుమ్ములు, కన్నీళ్లు, ముక్కు లోపల నిప్పు. గుమ్మం దగ్గర నీళ్ల చెంబుతో ఎదురొచ్చిన ముసలామె మొగిలమ్మ. "మిర్చిల పుట్టిన బిడ్డవు గావా ఏంది, గింతకే ఉరికినవ్" అని నవ్వింది. పుట్టడం మిర్చిలోనే పుట్టింది, నాన్న ఉప్పలయ్య ఆత్మకూరు అవతల మూడెకరాల్లో మిర్చే వేసేవాడు, కానీ చేలో కాయ వేరు, అరవై మంది ఆడవాళ్లు పొద్దంతా కూర్చుని తొడిమలు తీసి, మచ్చకాయలు ఏరి, బస్తాలకెత్తే చోట గాలిలో తేలే ఎర్రటి పొడి వేరు. మొగిలమ్మ ఆ అరవై మందికి పెద్ద. ఇరవై రెండేళ్లుగా ఆ పొడి పీలుస్తోంది. భవాని ఆమెను మొదటిరోజే అత్తా అంది.

ఊపిరి బలం కొలిచే ప్లాస్టిక్ గొట్టాన్ని ఆడవాళ్లు సన్నాయి అనేవాళ్లు. గుండెల నిండా గాలి తీసుకుని ఒక్క ఊపున ఊదితే లోపలి ముల్లు జరిగి ఒక గీత దగ్గర ఆగుతుంది. పని మొదలవక ముందు పొద్దున ఒకసారి, పని అయ్యాక సాయంత్రం ఒకసారి. ఎంత తగ్గిందో అదే ఆ రోజు మిర్చి పొడి వాళ్ల ఊపిరిలోంచి తీసుకున్నది. ముప్పై మంది ఎప్పటిలా చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు, ఇంకో ముప్పై మంది మూడు మడతల తడి నూలు బట్ట కట్టుకుంటారు. తడి బట్ట పొడిని ఆపుతుందా లేదా, అదే ప్రశ్న. ఎంత చిన్న ప్రశ్న, ఎంత మంచి ప్రశ్న. అందరికీ దొరికే బట్ట, అందరికీ దొరికే నీళ్లు. ఆపితే ఎంత బాగుండు అనుకుంది భవాని, అనుకోవడం తప్పు కాదు, కానీ ఆ కోరిక ఎక్కడో కొలతల కంటే ముందే వెళ్లి ఆ చివర కూర్చుంది. ఆడవాళ్లు మధ్యాహ్నానికే బట్ట ఊడదీసి పెదవులు చూపించేవాళ్లు, "మండుతాంది భవానమ్మా, పొడంత గీన్నే అంటుకుంటాంది" అని. అలవాటవుతుందిలే అక్కా అంది తను. ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకోలేదు. అడగని ప్రశ్నకు వాళ్లు జవాబు చెప్పారు, రాసుకోలేదు.

పట్టాలవతల ఎవరో గొట్టంతో బోగీ కిటికీలు కడుగుతున్నారు. నీళ్లు ఎండలో తళతళమంటూ పడుతున్నాయి. ఆ రోజు కూడా నీళ్లే, అకాల వాన, కొలతల చివరి రోజు, లెక్కంతా ఆ రోజు అంకెల మీదే, నాలుగు గంటలకు ఆకాశం ఒక్కసారిగా మూసుకొచ్చింది. బయట ఆవరణలో ఆరబోసిన కాయ తడిస్తే ముక్కిపోతుంది. పరదాలు, పరదాలు అని ఎవరో అరిచారు. ఊదడానికి వరుసలో నిలబడ్డవాళ్లు చెదిరి పరుగెత్తారు. అప్పటికి ఊదినవాళ్లు నలభై ఒక్కరు. మిగిలిన పంతొమ్మిది మంది పరదాలు కప్పి, తడిసి ముద్దై, అటు నుంచి అటే ట్రాలీ ఆటోల్లో ఎక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. మరుసటి రోజు నుంచి గోదాంలో ఆ విడత పని లేదు. భవాని చేతిలో పంతొమ్మిది ఖాళీ గళ్ల కాగితం మిగిలింది.

ఖాళీని ఖాళీ అని రాస్తే సరిపోయేది. వాన పడింది, పంతొమ్మిది మంది ఊదలేదు, ఇంతే. ఒక్క వాక్యం. ఆ వాక్యం రాయడానికి ఎవరూ అడ్డం రాలేదు, అదే ఆమెను ఇప్పుడు ఎక్కువగా తినేది. ఎవరైనా బలవంతపెట్టి ఉంటే బాగుండేదని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. విభాగంలో మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చింది, ఫ్యాను మెల్లగా తిరగడం మొదలుపెట్టింది, లాప్‌టాప్ మీద పసుపు రంగు వేసిన పంతొమ్మిది గళ్లు. కూలీల ఆరోగ్యం మీద ప్రత్యేక సంచిక, గడువు ఇంకా నాలుగు రోజులు. ఊది ఉంటే ఎంత వచ్చేది? పదకొండు మంది బట్ట కట్టుకున్నవాళ్లు, వాళ్లకు కొంచెమే తగ్గేది. ఎనిమిది మంది కొంగు వాళ్లు, వాళ్లకు ఎక్కువ తగ్గేది. ఎలాగూ అంతే వచ్చేది కదా. మొదటి గడిలో అంకె కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టింది, ఐదో గడికి చెరపలేదు. అన్నీ సున్నాలతో ముగిస్తే కల్పించినట్టు కనబడుతుందని ఒకదాని చివర ఏడు, ఒకదాని చివర మూడు పెట్టింది. పంతొమ్మిదోది అయ్యాక పసుపు రంగు తీసేసింది. కాగితం మొత్తం తెల్లగా, నిండుగా, అమాయకంగా ఉంది. చాయ్ తాగడానికి వెళ్లింది. చాయ్ రుచిగానే ఉంది, అదీ గుర్తుంది.

సారంగపాణి సార్ అడిగాడు. అడగలేదని ఎవరూ అనడానికి లేదు. పట్టికలు తిరగేస్తూ, కళ్లద్దాల పైనుంచి చూసి, "వాన పడ్డనాడు అందరు ఊదిన్రా?" అన్నాడు. "ఊదిన్రు సార్" అంది. రెండే మాటలు. ఆరేళ్లలో ఆయనతో ఎన్ని వేల మాటలు మాట్లాడి ఉంటుంది, ఆ రెండే ఇప్పుడు మిగిలాయి. ఆయన ముడి కాగితాలు తెమ్మనలేదు. నమ్మాడు. ఎంఎస్సీలో వెనక బెంచీలో కూర్చున్న తనను పిలిచి, నీకు చూసే కళ్లున్నాయమ్మా, పీహెచ్‌డీ చెయ్ అన్న మనిషి. పత్రిక తరఫు పరీక్షకులు ఇద్దరూ వ్యాసాన్ని మెచ్చుకున్నారు. అచ్చైన రోజు నాన్న ఊరి నుంచి బస్సెక్కి వచ్చాడు, చదవడం రాదు, బిడ్డ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు, చూపించాక ఆ చోట తన బొటనవేలు ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. ఆయనకూ చెప్పాలి. వరసలో ఎందరు. ముందు సార్.

అక్కడితో ఆగినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదేమో, అల్మారాలో ఒక సంచిక, సంచికలో ఒక అబద్ధం. కానీ కొలతలు ముగిశాక ఆ గోదాం ఆడవాళ్లకు ముక్కును గట్టిగా పట్టుకునే మంచి మాస్కులు ఇవ్వడం మొదలుపెట్టిన ఒక స్వచ్ఛంద సంస్థ ఆ వ్యాసం చదివింది. బట్టే చాలంటున్నారుగా అని మాస్కులు మానేసి, అంచు కుట్టిన నూలు బట్టలు పంచింది. తనను పిలిచి శాలువా కప్పారు కూడా. వచ్చే నెల ఇంకో రెండు జిల్లాల్లో పంచబోతున్నారు. పది రోజుల కింద మొగిలమ్మను దవాఖానలో చేర్చారని తెలిసి కొబ్బరినీళ్లు తీసుకుని వెళ్లింది. మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదినట్టు లాగుతోంది. చిన్న వయసు డాక్టరమ్మ కోప్పడుతోంది, మాస్కు పెట్టుకోకుండా తడి బట్ట కట్టుకుని పొద్దంతా కూర్చుంటావా, ఆ పొడంతా బట్టకు పట్టి నీ నోటి దగ్గరే ఉంటుంది కదా, ఎవరు చెప్పారు నీకు అని. మొగిలమ్మ ఆయాసంలోనే గర్వంగా భవాని వైపు వేలు చూపించింది. "గీ బిడ్డనే చెప్పింది డాక్టరమ్మా. మా భవాని. పుస్తకంల సుత అచ్చైంది." డాక్టరమ్మ తనవైపు తిరిగి, మీరా, అంది. కొబ్బరినీళ్ల సీసా చేతిలో చల్లగా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఇంటికి వచ్చి పాత ఫైలు తెరిచింది. పంతొమ్మిదీ తీసేసి నలభై ఒక్కరి అంకెలతో మళ్లీ లెక్క కట్టింది. బట్ట కట్టుకున్నవాళ్లకూ కట్టుకోనివాళ్లకూ తేడా లేదు. ఇంకోసారి కట్టింది. లేదు. బట్ట వాళ్లలో నలుగురికి కొంగు వాళ్లకంటే ఎక్కువే తగ్గింది. ఎలాగూ అంతే వచ్చేది కదా అనుకుంది ఆ రోజు, అంత రాలేదు, అసలేమీ రాలేదు. సంస్థకు ఫోన్ చేసి, ఆ బట్టల పంపిణీ ఆపండి, నాకు అనుమానంగా ఉంది అంటే, అవతలి అమ్మాయి మర్యాదగా, "వ్యాసంలో ఉంది కదా మేడమ్, పత్రికలో మార్పు వస్తే మేము కూడా మారుస్తాం" అంది. ఆ అమ్మాయిది తప్పా? అచ్చులో ఉన్నది నమ్మింది. అచ్చు అంటే అదే కదా, ఎవరో చూశారు, కొలిచారు, ఇంకెవరో సరిచూశారు అన్న భరోసా. మొగిలమ్మకు ఆ భరోసా చదవడం కూడా రాదు, అయినా దాన్ని ముక్కుకు కట్టుకుంది. ఆమెకు ఇంకా చెప్పలేదు. నాలుగుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుంది, నాలుగుసార్లూ పెట్టేసింది. ఒకసారి ఆమే చేస్తే, మందులు వేసుకుంటున్నావా, పనిలోకి వెళ్లకు అత్తా అని ఊరుకుంది.

పొద్దున భర్త శ్రీకాంత్ టిఫిన్ డబ్బా సర్దుకుంటూ అడిగాడు, "నువ్వు చెప్పకపోతే ఎవలకు తెలుస్తది భవానీ? నెలాఖరుకు వైవా. అయిపోతది. డాక్టర్ భవాని అయితవ్." చెడ్డవాడేం కాదు, మూడు రోజులుగా తను తినకపోవడం చూస్తున్నాడు, అందుకే అన్నాడు. కాజీపేట షెడ్డులో ఇంజన్ల బ్రేకులు పరీక్షించే పని అతనిది. "నువ్వు బ్రేకు సూడకుండనే సూసిన అని సంతకం పెడ్తవా?" అంది. అతను డబ్బా మూత నొక్కాడు, సరిగ్గా పడలేదు, తీసి మళ్లీ నొక్కాడు. "పెట్ట" అన్నాడు. చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి, "పో మరి. బండి ఎట్లనో టైముకు రాదు, నువ్వన్న టైముకు పో" అన్నాడు. ఆ మాటకు మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా వస్తోంది, ఈ ఎండలో, ఈ బెంచీ మీద, ఇంత భయంలో.

ఇంకో దారి లేదా? ఉంది, దారులకేం, ఎన్నైనా. చిన్న సవరణ ప్రకటన వేయించవచ్చు, కొన్ని అంకెల్లో పొరపాటు అని. పాత లాప్‌టాప్ పాడైంది, ముడి ఫైలు పోయింది అనవచ్చు. అందరూ చేసేదే అనవచ్చు, నలుగురు నాలుగు అంకెలు మార్చుకున్నవాళ్లు తనకే తెలుసు. ఒక్కో దారినీ మనసు తీసి ముందు పెడుతోంది, మార్వాడీ దుకాణంలో చీరలు పరిచినట్టు, ఇది చూడండి, ఇది చూడండి. ఒక్కోదాన్నీ పక్కకు తోస్తోంది భవాని. ప్రతి దారి చివరా మొగిలమ్మ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చునే ఉంది. భయం తగ్గలేదు. కానీ భయం కింద కాలికి గట్టిగా ఏదో తగిలింది, ఈతరాని మనిషికి నీళ్లలో నేల తగిలినట్టు, ఇక్కడ నిలబడొచ్చు, మెడ దాకా నీళ్లున్నా నిలబడొచ్చు. మైకు మళ్లీ మోగింది. బండి వస్తోంది.

సారంగపాణి సార్ మూడో బోగీలోంచి దిగాడు. భుజాన సంచి, చేతిలో మిఠాయి డబ్బా. ఆమెను చూసి ముఖమంతా విప్పారింది. "ఇంత ఎండల ఎందుకొచ్చినవమ్మా? నాకు తొవ్వ తెల్వదా? ఇగో, సంత్రా బర్ఫీ. వైవాకు ముందుగాల నోరు తీపి చేసుకో."

"సార్, కొంచెం కూర్చోండి. ఒక మాట చెప్పాలె."

కూర్చున్నాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. గంటసేపు సిద్ధం చేసుకున్న మొదటి వాక్యం ఎటో పోయింది, "వాన పడ్డనాడు పంతొమ్మిది మంది ఊదలేదు సార్, నేను అంకెలు రాసిన" అని ఒక్క గుక్కలో వచ్చేసింది. దవాఖాన సంగతి చెప్పింది. నలభై ఒక్కరి లెక్క చెప్పింది. ఆయన బర్ఫీ డబ్బాను మోకాళ్ల మీద రెండు చేతులతో పట్టుకుని వింటున్నాడు.

"నేనడిగిన నిన్ను" అన్నాడు చివరికి.

"అడిగిన్రు సార్."

"ఊదిన్రు అన్నవ్."

"అన్న సార్."

"ఏం అంకెలు రాసినవ్?"

"రెండు వందల ఎనభై ఏడు, తొంభై మూడు... అట్ల."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "ఆ గొట్టం మీద పది పదిగ గీతలుంటయ్ గద. మిగిలినోళ్లందరివి సున్నాతోటే ముగిసినయ్. ఎనభై ఏడు ఎక్కడుంటది దాని మీద?" అద్దాలను చొక్కా అంచుతో తుడిచాడు. "నా ముందర పెట్టినవ్ భవానీ ఆ పట్టిక. కండ్లకు కొట్టొచ్చినట్టు ఉన్నది. ముడి కాగితాలు చూడకుండ పేరు పెట్టొద్దని నిన్న గంటన్నర పాఠం చెప్పొచ్చిన."

ఉత్తరం సంగతి చెప్పింది. ఆయన తలెత్తలేదు. ఎండ ఆయన చెప్పుల దాకా వచ్చింది. "మే ఆఖరుకు నా రిటైర్మెంటు" అన్నాడు, ఆమెకు ఎప్పుడూ తెలియని ఒక చిన్న గొంతుతో. "ముప్పై నాలుగేండ్లు. ఒక్క మాట పడలే. జూన్‌ల పంపు. రెండు నెలలేనమ్మా. బట్ట కట్టుకోవద్దని ఆడోళ్లకు నోటితోటి చెప్పు, ఎవలొద్దన్నరు."

ఇది ఆమె అనుకోలేదు. అరుస్తాడనుకుంది, వెళ్లిపొమ్మంటాడనుకుంది, బతిమాలుతాడని అనుకోలేదు. ఆయన అరిచి ఉంటే నిలబడటం తేలికయ్యేది. ఆరేళ్లలో ఈయన తన నుంచి ఏమీ అడగలేదు, మొదటిసారి రెండు నెలలు అడుగుతున్నాడు. సరే సార్ అన్న మాట నాలుక కొస దాకా వచ్చింది, అప్పుడు ఊదిన్రు సార్ అన్నది వచ్చినంత తేలికగా. అదే తేలిక. దాన్ని గుర్తుపట్టింది భవాని.

"జూన్‌కు సీజను అయిపోతది సార్. అప్పటిదాక వాళ్లు ఆ పొడే పీలుస్తరు. అచ్చుల మారితేనే సంస్థోళ్లు మాస్కులు ఇస్తమన్నరు. ఇంకో రెండు జిల్లాలల్ల సుత పంచుతరట." ఫోను బయటికి తీసింది. "మీకు చెప్పకుండ పంపొద్దని వచ్చిన. అడగనీకి రాలేదు సార్. ఇయ్యాల్నే పంపుత."

ఎదురు పట్టాల మీద బొగ్గు బండి ఒకటి పోయింది. ఎన్ని వ్యాగన్లో, పోతూనే ఉంది, మాట్లాడినా వినపడని చప్పుడు. అది పోయాక ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చేయి చాపాడు. "ఇటియ్యి."

ఫోను ఇచ్చింది. ఆయన చదివాడు, విద్యార్థుల కాగితాలు చదివినట్టే, పెదవులు కదిలిస్తూ. ఒకచోట ఆగి వేలితో చూపించాడు. "ఇదేం వాక్యం? సమాచారంల కొన్ని తప్పులు దొర్లినయని రాసినవ్. తప్పులు వాటంతట అవే దొర్లుతయా? ఎవలు దొర్లించిన్రు?"

ఆమె ఫోను తీసుకుంది. ఆ వాక్యం చెరిపేసింది. పంతొమ్మిది మంది కొలతలు తీసుకోలేదు, ఆ అంకెలను నేను కల్పించాను అని కొట్టింది. 'నేను' అన్న మాట కొట్టేటప్పుడు అక్షరాలు కనబడలేదు, కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకుంది.

"దాని కింద ఇంకొకటి రాయి" అన్నాడు. "రెండో రచయిత ముడి కాగితాలు పరిశీలించకుండనే వ్యాసానికి పేరిచ్చిండు. అది ఆయన బాధ్యత."

"సార్, మీ గురించి నేను..."

"టైపు చెయ్యమ్మా."

చేసింది. ఆయన వైపు చూసింది. ఆయన పట్టాల వైపు చూస్తున్నాడు. పంపింది. ఫోను చిన్న శబ్దం చేసింది, అంతే, లోకంలో ఏదీ కదలలేదు, చాయ్ అమ్మేవాడు చాయ్ చాయ్ అంటూనే ఉన్నాడు.

"వైవా ఆగిపోతది" అన్నాడు.

"తెలుసు సార్."

"నీ మీద ఎంక్వయిరీ వేస్తరు. నా మీద సుత." లేచి నిలబడ్డాడు. ఆమె సంచి అందుకోబోయింది. "వద్దు. నేను మోస్త." రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నాడు, "నాకు మస్తు కోపమున్నది భవానీ. మళ్ల నా దగ్గర పని చేస్తవా లేదా నేనిప్పుడు చెప్పలేను. ఫోన్ చెయ్యకు కొన్నొద్దులు." మిఠాయి డబ్బా చేతిలో పట్టుకుని గుంపులో కలిసిపోయాడు. ఆయన నడక ముసలివాడి నడకలా ఉంది, నాగపూర్‌కు వెళ్లేటప్పుడు అలా లేదు. అది తన పని. దానికి ఉత్తరం లేదు, సవరణ లేదు, మోయాల్సిందే.

అప్పుడు కూర్చుంది. లోపల ఒక పక్క ఖాళీ అయింది, ఊడ్చిన గది లాగా, సామాను లేదు, దుమ్ము లేదు, గాలి వస్తోంది. ఈ గాలి ఉండగానే చేయాలి. నాలుగుసార్లు పెట్టేసిన నంబరు కలిపింది.

"ఏం బిడ్డా" అంది మొగిలమ్మ. వెనక గోదాం చప్పుడు, ఎవరివో నవ్వులు. మళ్లీ పనిలోకి వెళ్లింది, వెళ్లొద్దన్నా.

"అత్తా, బట్ట కట్టుకున్నవా?"

"కట్టుకున్న, నువ్వు చెప్పినట్టే, మూడు మడతలు."

"తీసెయ్ అత్తా. అది పని చెయ్యది. నేను చెప్పింది అబద్ధం. వాన పడ్డనాడు మీరు పంతొమ్మిది మంది ఊదలే. ఊదినట్టు నేను రాసిన."

అవతల దగ్గు. దగ్గు ఆగాక, "నాది సుత రాసినవా?"

"రాసిన."

"ఎంత?"

"మూడు వందల పన్నెండు."

మొగిలమ్మ ఊపిరి ఫోనులో పిల్లిలా గురగురమంటోంది. "గంత దమ్ము ఏడుంది బిడ్డా నాకు" అంది. కోపం లేదు అందులో, కోపం ఉన్నా తట్టుకునేది భవాని. "నమ్మితిమి గద నిన్ను."

"అవునత్తా."

"మరి మాస్కులు?"

"మళ్ల ఇయ్యాలని సంస్థోళ్ల దగ్గరికి పోత. రేపే పోత. ఇచ్చేదాక వెంటవడ్త."

"గది తర్వాత ముచ్చట." గొంతు మారింది, అరవై మందిని నడిపే గొంతు. "నాకొక్కదానికి చెప్తే ఏమైతది? నేను చెప్తే ఎవలు ఇనరు, ముసల్దానికి దమ్మొచ్చి ఏదో అంటాందంటరు. నువ్వే రావాలె. ఒంటిగంటకు బువ్వకు కూసుంటం, అందరొక్కకాడనే ఉంటరు. వచ్చి నీ నోటితోటి చెప్పు. తిడ్తరు మల్ల. శ్రీలత అయితే ఊకోది, దాని బిడ్డకు సుత కట్టించింది ఆ బట్ట."

"తిట్టనీ అత్తా."

"ఎక్కడున్నవ్?"

"కాజీపేటల."

"ఇంకేంది సూస్తవ్, ఆటో ఎక్కు."

గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. ఎనుమాములకు నలభై నిమిషాలు. భవాని బ్యాగు భుజాన వేసుకుని, జనాన్ని తప్పించుకుంటూ వంతెన మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం మొదలుపెట్టింది.